సొరపాదు కంటే ముందు క్యారెట్

ఇంగ్లండ్‌లో మనవాళ్ల పాలీటన్నెళ్లను, అంటే కమ్మీల మీద ప్లాస్టిక్ కప్పిన సొరంగాల్లాంటి పందిళ్లను, జూలైలో చూస్తే కడుపు నిండిపోతుంది. సొరపాదు కమ్మీల మీదికి ఎగబాకి ఉంటుంది, పక్కన బెండ, ఒక మూల గోంగూర, తలుపు దగ్గర మిరప. అదే చోటు ఫిబ్రవరిలో చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అక్టోబరులో పాదులు పీకేసింది మొదలు మళ్లీ నారు నాటే దాకా ఏడు నెలలు ఆ ఎత్తు మడులు ఊరికే పడి ఉంటాయి. ఇంత కష్టపడి కట్టుకున్న కప్పు కింద మట్టి అలా ఎండిపోతుంటే నాకు మనసొప్పదు. మే నెలాఖరులోగా తీసుకునేలా అందులో క్యారెట్ వేయండి.

ఏ క్యారెట్ అన్నదే అసలు సంగతి. యార్క్‌షైర్‌లో మా తోటలో మొదటి ఏడాది నేను పొట్లం మీది బొమ్మ చూసి ఆటమ్ కింగ్ వేశాను. మంచి రకమే, కాదనను. కానీ అది నిదానంగా ఊరే రకం. శీతాకాలమంతా నిల్వ ఉంచుకోవడానికి ఆకురాలు కాలంలో తవ్వుకునేది. జూన్ మొదటి వారానికి నా సొర నారు కుండీల్లో వేళ్లు చుట్టుకుపోయింది, మడిలో క్యారెట్లు ఇంకా పెన్సిలంత కూడా లేవు. వాటిని పీకడానికి చేతులు రాలేదు, నారు ఆగలేదు. ఆ ఏడాది రెండూ దెబ్బతిన్నాయి.

అందుకే మడి ఏ తేదీకి ఖాళీ కావాలో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రకాన్ని ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఆ లెక్కకు సరిగ్గా సరిపోయేది ఆమ్‌స్టర్‌డామ్ ఫోర్సింగ్. వేలంత లావున, కొస మొద్దుగా, తొందరగా చేతికి వస్తుంది. కప్పు కింద ముందస్తు పంట తీయడానికి దానికి ఏనాటి నుంచో పేరుంది. దాని తర్వాత ఎర్లీ నాంట్. ఫ్రాన్సులోని నాంట్ నగరం పేరు మీద వచ్చిన ఈ జాతి క్యారెట్లు పైనుంచి కింది దాకా ఒకే లావున ఉంటాయి, నడుమ గట్టి భాగం తక్కువ, తీపి ఎక్కువ. సన్నగా తరిగి పచ్చికొబ్బరితో వేయిస్తే నాలుగు నిమిషాల్లో మగ్గిపోతాయి. అడెలైడ్ అనే సంకర రకం కూడా ఈ కోవదే, త్వరగా వస్తుంది. శాంటెనే పొట్టిగా, బుజాలు వెడల్పుగా ఉంటుంది. సాంబారులో ముక్క చెదరదు కాబట్టి నాకు ఇష్టం, అయితే కొన్ని వారాలు ఎక్కువ అడుగుతుంది. దానికి మడి అంచున ఒక్క వరుస ఇస్తే చాలు.

మడి లోతు కూడా చూసుకోవాలి. మడి చుట్టూ కట్టిన పలకలు 30 సెంటీమీటర్ల ఎత్తున్నా, కింద గట్టి నేల ఉంటే పొడుగు రకాలు అక్కడ తగిలి వంకర పోతాయి. మీ మడి జానెడు లోతే అయితే ప్యారిస్ మార్కెట్ వేయండి. గోలీల కన్నా కొంచెం పెద్దగా, గుండ్రంగా వస్తాయి, పిల్లలు పచ్చివే తినేస్తారు. ఏ రకమైనా సరే, మడిలో పచ్చి పశువుల ఎరువు వేయకండి. రాళ్లు ఏరేయండి. నారు పోసి నాటకండి, దుంప చీలిపోతుంది. మడిలోనే సెంటీమీటరు లోతున విత్తాలి.

ఫిబ్రవరి మొదట్లో విత్తి పైన ఫ్లీస్ గుడ్డ, అంటే చలి ఆపే పల్చని గుడ్డ, కప్పుతాను. మట్టి వేడి ఏడు డిగ్రీల దరిదాపులకు రాకపోతే విత్తనం సరిగ్గా కదలదు, మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. మొదట వచ్చేవి రెండు సన్నని ఆకులు, అచ్చం గడ్డిపోచల్లా. కలుపనుకుని పీకేయకండి. ఆ తర్వాత వచ్చే ఆకు కొత్తిమీరలా చీలికలు చీలికలుగా విచ్చుకుంటుంది, అప్పుడు అనుమానం తీరిపోతుంది.

హల్వాకు ఎర్ర క్యారెట్ కావాలని అందరికీ ఉంటుంది. రెండేళ్ల కిందట ఆ రకాన్నీ ఫిబ్రవరిలోనే విత్తాను. మే నెలలో గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ టన్నెల్ తలుపు తీసి, “ధనియాల కోసం వేశావా అమ్మా ఈ మడి?” అని అడిగింది. నడుమెత్తు కాడలు, వాటి మీద గొడుగుల్లా తెల్లని పూలు. ఒకటి పీకి చూస్తే దుంప కర్రముక్కలా ఉంది. మన ఎర్ర రకాలకు కొద్దిపాటి చలి తగిలితే చాలు, ఆపైన ఇక్కడి పొడుగు పగళ్లు తోడైతే పూతకు వచ్చేస్తాయి. ఇప్పుడు వాటిని ఆగస్టు మొదట్లో విత్తుతున్నాను, పగలు కురచవుతూ ఉంటుంది కాబట్టి దుంప మీదే నిలబడుతున్నాయి. గుప్పెడంత లావు రాలేదు, కానీ గత డిసెంబరులో ఒక గిన్నెడు హల్వాకు సరిపోయాయి.

క్యారెట్ ఈగను తట్టుకుంటాయని ఫ్లైఅవే, రెసిస్టాఫ్లై రకాలను కొందరు టన్నెల్లోనూ వేస్తున్నారు. అవి ఈగను తగ్గిస్తాయి, పూర్తిగా ఆపవు. ఫిబ్రవరి పంటకు వాటి అవసరం నాకు కనిపించలేదు. మొదటి తరం ఈగ ఏప్రిల్ చివర, మే నెలలో వస్తుంది. దాని పురుగు దుంపను తొలిచి పాడుచేసే నాటికి మన క్యారెట్లు వంటింట్లో ఉంటాయి. ఆగస్టు పంటకు మాత్రం సన్నని వల కప్పాల్సిందే.

క్యారెట్ విత్తనం రెండు మూడేళ్లకు మించి మొలక శక్తి నిలుపుకోదు, ఒక్కో పొట్లంలో వందల గింజలుంటాయి. ఒక్క ఇంటికి అన్నీ అక్కర్లేదు. నా దగ్గర ఆమ్‌స్టర్‌డామ్ ఫోర్సింగ్ సగం పొట్లం, ప్యారిస్ మార్కెట్ ముప్పాతిక పొట్లం మిగిలాయి. ఈసారి సంక్రాంతి కలయికకు చిన్న కాగితం పొట్లాలు కట్టి తెస్తాను. విత్తడానికి అప్పటికి ఇంకా మూడు వారాలు ఉంటుంది.