'నో వాసెలిన్': తిట్ల కన్నా లెక్కలే గట్టిగా తగిలాయి

అమెరికన్ ర్యాపర్ ఐస్ క్యూబ్ రెండో సోలో ఆల్బమ్ 'డెత్ సర్టిఫికెట్' 1991 అక్టోబరు చివర్లో వచ్చింది. అందులో చిట్టచివరి పాట 'నో వాసెలిన్'. ఐదు నిమిషాలు దాటే ఆ పాటలో ముందుగా వినపడేది క్యూబ్ గొంతు కాదు. తన పాత బృందం ఎన్.డబ్ల్యూ.ఏ. అంతకుముందు రికార్డుల్లో తనను ఎత్తిపొడిచిన మాటలను కత్తిరించి, ఒకదాని వెనక ఒకటి అతికించి, మొదట అవే వినిపించాడు. ఆ తర్వాతే బీట్ దిగుతుంది. గొడవకు ఎవరు దిగారో ఎవరూ అడగక్కర్లేదు. సాక్ష్యం ముందే బల్ల మీద పెట్టేశాడు.

ప్రత్యర్థిని పేరుపెట్టి కడిగేసే పాటను ర్యాప్‌లో డిస్ ట్రాక్ అంటారు. ఈ కోవలో అత్యంత కర్కశమైన పాటల జాబితా ఎవరు వేసినా 'నో వాసెలిన్' పైవరసలోనే ఉంటుంది. కారణం అడిగితే చాలామంది దాని బూతులు చూపిస్తారు. బూతులకు అప్పటి ర్యాప్‌లో కొదవ లేదు, వాటిలో చాలావాటిని ఇప్పుడు ఎవరూ వినడం లేదు. ఈ పాట నిలబడింది అందులోని ఆరోపణ వల్ల: మీ మేనేజర్ మిమ్మల్ని దోచుకుంటున్నాడు, అది మీకూ తెలుసు, నేను తెలుసుకుని బయటపడ్డాను, మీరు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ లోపల కూర్చుని పాటలు రాసినవాడు తప్ప ఇంకెవరూ ఈ మాట అంత ధీమాగా అనలేరు.

మనకు తిట్టు కవిత్వం కొత్త కాదు. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు కవులకూ నడిచిన వాదులాట సాహిత్యం చదివినవారికి తెలిసిందే. అక్కడ రెండు జంటలు ఎదురెదురుగా నిలిచి పాండిత్యం తేల్చుకున్నాయి. ఒకే ఇంట్లోంచి విడిపోయినవాళ్ల తగువు తీరు వేరు. పొరుగు కవికి ఎదుటివాడి పద్యంలో యతి ఎక్కడ తప్పిందో తెలుస్తుంది గానీ ఆ ఇంటి పద్దు పుస్తకంలో ఏముందో తెలియదు.

ఆ పద్దు సంగతి చూద్దాం. లాస్ ఏంజెలస్ పక్కనున్న కాంప్టన్‌లో బృందం నాయకుడు ఈజీ-ఈ 1987లో రూత్‌లెస్ రికార్డ్స్ అనే లేబుల్ పెట్టాడు. మేనేజర్ జెర్రీ హెల్లర్. డాక్టర్ డ్రే, డీజే యెల్లా బీట్లు చేసేవారు. క్యూబ్, ఎమ్‌సీ రెన్ రాసేవారు. ఈజీ-ఈ సోలో ఆల్బమ్‌లోని మాటల్లోనూ వీళ్ల చేయి ఉంది. 1988లో వచ్చిన 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' రేడియో అండ పెద్దగా లేకుండానే పది లక్షల కాపీలు దాటి ప్లాటినం అయింది. అందులో ఒక పాట పోలీసుల మీద దాడిని ప్రోత్సహిస్తోందంటూ 1989 ఆగస్టులో ఎఫ్‌బీఐ అధికారి ఒకరు లేబుల్ పంపిణీదారుకు లేఖ కూడా రాశారు. అంత పేరొచ్చాక క్యూబ్ చేతికి వచ్చినట్టు నమోదైన మొత్తం ఆల్బమ్ మీద 32,000 డాలర్లు, టూర్ మీద 23,000 డాలర్లు. కాంట్రాక్టు మీద సంతకం పెడితే 75,000 డాలర్ల చెక్కు ఇస్తామన్నారు. లాయర్‌కు చూపించకుండా పెట్టనన్నాడు. 1989 డిసెంబరులో బయటికొచ్చేశాడు. అప్పటికి అతని వయసు ఇరవై.

32,000 తక్కువా, ఎక్కువా? ఇక్కడ భావోద్వేగం కన్నా గుణకారం ఉపయోగం. రికార్డు అమ్మకాల మీద పాట రాసినవారికి రావాల్సిన మెకానికల్ రాయల్టీ అమెరికా చట్టం ప్రకారం 1988, 1989లో ఒక పాటకు, ఒక కాపీకి 5.25 సెంట్లు. పది లక్షల కాపీలకు ఒక పాట మీద 52,500 డాలర్లు. ఉదాహరణకు ఆ పాట ముగ్గురు రాశారనుకుంటే తలా 17,500. అలాంటివి ఎనిమిది పాటలుంటే ఒక్కరికి 1,40,000. కొత్త కళాకారుల కాంట్రాక్టుల్లో లేబుళ్లు సాధారణంగా పెట్టే షరతు ఒకటుంది: చట్టం చెప్పిన రేటులో నాలుగింట మూడు వంతులే ఇస్తాం అని. అప్పుడది 1,05,000కు దిగుతుంది. పాట హక్కులు చూసే పబ్లిషర్ సగం తీసుకుంటే 52,500. ఇది రాతకు మాత్రమే. గొంతుకు రావాల్సిన రాయల్టీ వేరు, టూర్ డబ్బు వేరు. దాంట్లోంచి స్టూడియో ఖర్చు, అడ్వాన్సు కోసుకోవడం ఇంకో లెక్క. కాంట్రాక్టులో ఏముందన్నదాన్ని బట్టి అంకెలు మారతాయి. కానీ ఈ వరసలో ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు కోత పెట్టగలరు. ఎక్కడ ఎంత కోశారో చూపించే కాగితం అడిగే హక్కు రాసినవాడికి ఉండాలి. క్యూబ్ లాయర్ కావాలన్నది ఇందుకే. దాన్ని డబ్బాశ అనడం అన్యాయం.

బయటికొచ్చినవాడు వెంటనే నోరు పారేసుకోలేదు. పబ్లిక్ ఎనిమీ బృందపు నిర్మాతలు బాంబ్ స్క్వాడ్‌తో న్యూయార్క్‌లో కూర్చుని మొదటి ఆల్బమ్ చేశాడు. 1990 మేలో వచ్చిన ఆ ఆల్బమ్‌ను పాతవాళ్ల మీద కసి తీర్చుకోవడానికి వాడుకోలేదు. మొదటి దెబ్బ అటునుంచే పడింది. 1990 ఆగస్టులో ఎన్.డబ్ల్యూ.ఏ. తెచ్చిన చిన్న రికార్డు '100 మైల్స్ అండ్ రన్నిన్'లో అతన్ని బెనెడిక్ట్ ఆర్నాల్డ్ అన్నారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్‌వారి వైపు ఫిరాయించిన సేనాని పేరది. అమెరికాలో ద్రోహికి మారుపేరు. 1991 మేలో వచ్చిన ఆల్బమ్‌లో అతనికి 'సందేశం' అంటూ ప్రత్యేకంగా ఒక ముక్కే పెట్టారు. ఆ ఆల్బమ్ రెండో వారానికి అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. వాళ్లు శిఖరం మీద ఉన్నప్పుడు, అందరూ వాళ్ల మాటే వింటున్నప్పుడు, క్యూబ్ బదులు తయారైంది.

నిర్మాణం దగ్గరికి వస్తే ఈ పాట మీద ఎంతసేపైనా ఆగొచ్చు. బీట్‌కు ఆధారం అట్లాంటా బృందం బ్రిక్ 1976లో చేసిన 'డాజ్'. డిస్కో, జాజ్ కలిపిన ఫంక్ పాట అది. క్యూబ్, నిర్మాత సర్ జింక్స్ కలిసి దాన్నొక లూప్‌గా, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్కగా మార్చారు. ఎదుటి పక్షంలో ఉన్నది ఆనాటి మేటి నిర్మాతల్లో ఒకడైన డ్రే. అతనితో శబ్దాల పోటీకి దిగితే ఓడిపోయే ప్రమాదం ఉంది. అందుకే కాలు కదిపించే ఒక్క లూప్ తీసుకుని, దాన్ని పెద్దగా కదల్చకుండా వదిలేశారు. చెవి మాట మీదే నిలుస్తుంది. చాలా డిస్ ట్రాక్‌లు పాడయ్యేది ఇక్కడే. కోపం చూపించాలని బీట్‌ను కూడా అరిపించేస్తారు, మాట మునిగిపోతుంది. నిమిషానికి 96 బీట్ల వేగంలో ఒక బార్ (నాలుగు బీట్లు) రెండున్నర సెకన్లు, పదహారు బార్లు 40 సెకన్లు. ఆ 40 సెకన్లలో ఒక ఆరోపణ, దాని ఆధారం, దాని మీద ఒక పోటు పట్టాలి. అంతకుమించి కుక్కితే విన్నవాడికి ఏదీ గుర్తుండదు.

పేర్ల వాడకం కూడా ఆలోచించి చేసిందే. ముందు అందర్నీ కలిపి ఒక మాట: కాంప్టన్ పేరు చెప్పుకుని పైకొచ్చి, కాంప్టన్ వదిలి తెల్లవాళ్ల పేటలో పెద్ద ఇంటికి మారిపోయారు. ఆపైన ఒక్కొక్కరినీ పట్టుకుంటాడు. రెన్‌ను తీసిపారేస్తాడు. డ్రేను మైకు వదిలేసి బీట్లు చేసుకోమంటాడు. నిర్మాతగా అతని పనిని మాత్రం ముట్టుకోడు. అది అబద్ధమవుతుందని అతనికి తెలుసు. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలూ కొట్టుకుపోతాయి. ఈజీ-ఈ దగ్గర ఇంకో ఆయుధం తీస్తాడు. 1991 మార్చిలో ఈజీ-ఈ రిపబ్లికన్ పార్టీ దాతల విందుకు వెళ్లాడు, అక్కడ అధ్యక్షుడు జార్జ్ బుష్ మాట్లాడారు. పోలీసుల మీద పాట కట్టిన బృందం నాయకుడు ఆ బల్ల దగ్గర కూర్చున్నాడన్న వార్త పత్రికల్లో వచ్చిందే. అధ్యక్షుడితో భోజనానికి నేనైతే ఎప్పటికీ వెళ్లనని క్యూబ్ అంటే ఖండించడానికి ఎదుటివాడికి చోటే లేదు.

ఇంత పకడ్బందీ పాటను క్యూబే దిగజార్చుకున్నాడు. ఈ విషయంలో అభిమానులు సర్దిచెప్పే తీరు నాకు మింగుడుపడదు. దోపిడీకి ఉపమానంగా పాట పొడుగునా స్వలింగ సంపర్కాన్ని అసహ్యంగా వాడాడు. హెల్లర్ యూదుడు కావడాన్నే నేరంగా చూపి, అతన్ని కాల్చేయమన్నంతవరకు వెళ్లాడు. అప్పటి జనం భాష అంతే అంటారు కొందరు. అప్పటి జనమే అభ్యంతరం చెప్పారు. యూదుల హక్కుల సంస్థ సైమన్ వీజెంథాల్ సెంటర్ ఆ ఆల్బమ్‌ను అమ్మొద్దని దుకాణాలను కోరింది. బిల్‌బోర్డ్ పత్రిక సంపాదకీయంలో తప్పుపట్టింది. బ్రిటన్‌లో అమ్మిన కాపీల్లోంచి ఈ పాటను, కొరియన్ దుకాణదారుల మీద ఉన్న మరో పాటను తీసేశారు. మర్యాద సంగతి అలా ఉంచినా, వాదనకే అది నష్టం చేసింది. లేబుల్ యజమాని ఈజీ-ఈ. కాగితాల మీద జవాబుదారీ మొదట అతనిది. మేనేజర్ మతం మీదికి వేలు మళ్లేసరికి లెక్క చూపించమన్న డిమాండు పక్కకు జరిగిపోయి, ద్వేషం ముందుకొచ్చింది. హెల్లర్‌కు అది బాగా కలిసొచ్చింది. 2006లో రాసిన జ్ఞాపకాల పుస్తకంలో తాను ఎవరినీ మోసం చేయలేదని వాదించాడు, 2016లో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు.

అయినా ఆల్బమ్ బిల్‌బోర్డ్‌లో రెండో స్థానంతో మొదలైంది. ఎన్.డబ్ల్యూ.ఏ. నుంచి ఈ పాటకు బదులు పాట రాలేదు. బృందమే మిగల్లేదు మరి. కొద్ది నెలల్లో, 1992 మొదట్లోనే, డ్రే రూత్‌లెస్ వదిలేశాడు. కారణం మళ్లీ డబ్బు, కాంట్రాక్టే. క్యూబ్ మాట నిజమో కాదో తేల్చడానికి ఇంతకన్నా పెద్ద సాక్షి అక్కర్లేకపోయింది. ఒక డిస్ ట్రాక్‌లోని ఆరోపణకు ఎదుటి పక్షం మనిషే తన నడకతో వత్తాసు పలకడం ర్యాప్‌లో అరుదు.

తర్వాతి విడత డ్రేకూ ఈజీ-ఈకీ నడిచింది. 1992 డిసెంబరు నాటి 'ది క్రానిక్'లో డ్రే తన పాత యజమానిని ఎగతాళి చేశాడు. 1993లో ఈజీ-ఈ బదులిచ్చాడు, అదీ ఇంటి మనిషి పద్ధతిలోనే. ఎన్.డబ్ల్యూ.ఏ.కు ముందు వరల్డ్ క్లాస్ రెకింగ్ క్రూలో డ్రే తళుకుల బట్టలేసుకుని దిగిన ఫొటోను రికార్డుతో పాటు వేయించాడు. నువ్వు అమ్మే ప్రతి రికార్డులో నాకు వాటా ఉంది, నీ పాట నా జేబు నింపుతోందన్నాడు. విడిపోయేటప్పటి ఒప్పందాల వల్ల అందులో నిజముంది. ఆరడుగుల డ్రే మీద పొట్టివాడు ఈజీ-ఈ తట్టుకుని నిలిచింది ఆ కాంట్రాక్టు వల్లే. 1995 మార్చి 26న ఈజీ-ఈ ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. అంతకుముందే క్యూబ్, డ్రే కలిసి 1994లో ఒక పాట చేశారు.

ఇలాంటి పాటలను చట్టం ఎలా చూస్తుందన్నది ఈ మధ్యే మళ్లీ చర్చకొచ్చింది. ర్యాపర్ కెండ్రిక్ లామార్ పాట తన పరువు తీసిందంటూ మరో ర్యాపర్ డ్రేక్ 2025 జనవరిలో రికార్డు కంపెనీ యూనివర్సల్ మ్యూజిక్ మీద వేసిన దావాను న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అదే ఏడాది అక్టోబరులో కొట్టేసింది. ర్యాప్ పోరులో మాటలను వినేవాళ్లు నిర్ధారిత వాస్తవాలుగా తీసుకోరు, అవి అభిప్రాయాలే అన్నది దాని సారం. ఇద్దరు స్టార్ల మధ్య పోరుకు ఈ తర్కం సరిపోతుంది. ఒకే బృందంలో పనిచేసినవాడు ఫలానా డబ్బు కాజేశారని అంటే, వినేవాళ్లు దాన్ని వాస్తవంగానే తీసుకుంటారు. అతనికి తెలిసి ఉంటుందన్న నమ్మకమే ఆ పాటకు బలం. అదే అతనికి ప్రమాదం కూడా. హైదరాబాద్‌లోనో విశాఖలోనో పాత జట్టు మీద పాట కట్టేవాళ్లు అమెరికా తీర్పును చూసి ధైర్యపడకూడదు. మన దగ్గర పరువు నష్టం నేరం కూడా: భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు సాధారణ జైలు పడొచ్చు. అన్నది నిజమైతే సరిపోదు, ప్రజాహితం కోసం అన్నానని కూడా చూపాలి.

శాంపిల్, అంటే పాత రికార్డులోంచి తీసుకున్న ముక్క, సంగతి ఇంకోటి. 'నో వాసెలిన్' వచ్చిన ఏడెనిమిది వారాలకు, 1991 డిసెంబరులో, అనుమతి లేకుండా శాంపిల్ వాడిన ర్యాపర్ బిజ్ మార్కీకి వ్యతిరేకంగా న్యూయార్క్ కోర్టు తీర్పిచ్చింది. అప్పటినుంచి ఒక లూప్‌కు రెండు అనుమతులు తప్పనిసరయ్యాయి: రికార్డింగ్ హక్కుదారుది ఒకటి, రచన హక్కుదారుది ఒకటి. పాత సినిమా పాట ముక్క తీసుకుని డిస్ ట్రాక్ కట్టి యూట్యూబ్‌లో పెడితే గంటల్లోనే ఆడియో కంపెనీ క్లెయిమ్ పడేది ఇందుకే. పాట వైరలైనా డబ్బు కంపెనీకి పోతుంది.

క్యూబ్‌కు 1989లో లేనిది ఒకటి ఇవాళ మన రచయితల చేతిలో ఉంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం సినిమాలోకో రికార్డులోకో పోయిన పాట మీద రాసినవారికీ స్వరం కట్టినవారికీ రావాల్సిన రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడం చెల్లదు. కానీ ఆ వాటా ఎంతో చెప్పే కాగితం చట్టం రాసిపెట్టదు. ఎ4 కాగితం ఒక్కటి చాలు: పాట పేరు, తేదీ, మాటలెవరివి, బీట్ ఎవరిది, హుక్ (పాటలో పదేపదే వచ్చే పల్లవి ముక్క) ఎవరిది, ఎవరికెంత శాతం, మొత్తం సరిగ్గా 100 వచ్చిందా, అందరి సంతకాలు. అద్దె బీట్ అయితే దాని లైసెన్సు రసీదు వెనక కుట్టాలి. అవే శాతాలతో పాటను ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో నమోదు చేయాలి. తేడా వచ్చేది సాధారణంగా హుక్ దగ్గర. స్టూడియోలో నవ్వుతూ ఎవరో అన్న రెండు ముక్కలే పాటకు ప్రాణమవుతాయి, "అన్నా, అది నేనన్నదే కదా" అని అతను అడిగేసరికి నెలలు గడిచిపోయి ఉంటాయి. ఫైనల్ ఫైలు స్టూడియో దాటకముందే ఆ కాగితం మీద సంతకాలు పడాలి. వ్యూస్ పది లక్షలు దాటాక తన వాటా తగ్గించుకుని సంతకం పెట్టేవాళ్లు దొరకరు.