పార్సీగుట్టలో తీసివేతల లెక్క

సికింద్రాబాద్‌లో పార్సీగుట్ట అనే పేట ఉంది. అక్కడ కిరాణా కొట్లకు కొదవ లేదు, కర్రీ పాయింట్లకు కొదవ లేదు, ఫంక్షన్ హాళ్ళకు అసలే లేదు. పార్సీ మాత్రం కనబడడు. వాళ్ళు మృతదేహాలను ఉంచే దఖ్మా ఆ దగ్గరలో ఉండటం వల్ల పేటకు ఆ పేరు వచ్చింది కాబట్టి, అక్కడ పార్సీ కోసం వెతకటం శ్మశానంలో అద్దెకున్న వాళ్ళ కోసం వెతకటం లాంటిదే. మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంటోంది. మొన్న సంక్రాంతికి వెళితే, అరిసెల పళ్ళెం ముందు పెట్టి, "ఏరా, పత్రికల్లో రాస్తుంటావు కదా, ఈ పార్సీలంటే ఎవరు?" అని అడిగింది. ముప్పై ఏళ్ళు ఆగి వచ్చిన సందేహం. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని ఆ పూట నేనిచ్చిన ఉపన్యాసాన్నే, ఉప్పూ కారం సరిచూసి, ఇక్కడ వడ్డిస్తున్నాను.

పార్సీలంటే పర్షియా నుంచి వలస వచ్చిన జరతుష్ట్ర మతస్థుల సంతతి. ముందు అంకెలు. 1941 జనగణనలో పార్సీలు సుమారు 1,14,000. 2001లో 69,601. 2011లో 57,264. ఇదే డెబ్బై ఏళ్ళలో దేశ జనాభా మూడు రెట్లు దాటింది. వాహనాలు, రాజకీయ పార్టీలు, ఇంజనీరింగ్ కాలేజీలు, స్వాములు, అన్నీ పెరుగుతూ పోయిన ఈ దేశంలో తగ్గి చూపించటం సామాన్యమైన విషయం కాదు. అది సాధించింది ఇద్దరే: పార్సీలూ, రాబందులూ. రాబందుల దగ్గరికి తర్వాత వస్తాను.

చివరి పదేళ్ళలోనే 12,337 మంది తగ్గారు. అంటే రోజుకు ముగ్గురికి పైగా తరుగు. అయితే ఇక్కడ ప్రభుత్వం వారి చాకచక్యాన్ని మెచ్చుకుని తీరాలి. 2021లో జరగాల్సిన జనగణనను జరుపుకుంటూ జరుపుకుంటూ 2027 దాకా తీసుకొచ్చారు. దాంతో సర్కారు రికార్డుల్లో 2011 తర్వాత ఒక్క పార్సీ కూడా చనిపోలేదు. ఆ 57,264 చెక్కు చెదరలేదు. తరిగిపోతున్న వాళ్ళను కాపాడటానికి లెక్కపెట్టడం మానేయటం కంటే చవకైన ఉపాయం మరొకటి ఉందా?

ఖరీదైన ఉపాయం కూడా ఒకటి ఉంది. 2013లో మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 'జియో పార్సీ' అనే పథకం పెట్టింది. ఇది ఫోను కంపెనీ వారి ఆఫరు కాదు. 'పార్సీలారా, బతకండి' అని దాని అర్థం. ఊరూరా గోడల మీద ఎర్ర త్రిభుజం గీసి, ఇద్దరు చాలు బాబూ అని నా చిన్నతనమంతా బతిమిలాడిన ప్రభుత్వమే, ఒక వర్గం వారిని మాత్రం పక్కకు పిలిచి, "మీరు కనండి, సంతాన సాఫల్య చికిత్సకు ఖర్చు మేం భరిస్తాం" అంది. అంతటితో ఆగలేదు. 2014లో పత్రికా ప్రకటనలు ఇప్పించింది. బాధ్యతగా మెలగండి, ఈ రాత్రికి నిరోధ్ వాడకండి అని ఒక ప్రకటన. ఇక అమ్మ కొంగు వదిలే వేళ కాలేదా అని పెళ్ళికాని అబ్బాయిలను అడిగింది మరొకటి. ముంబైలో దాదర్ పార్సీ కాలనీ పక్కనే హిందూ కాలనీ ఉంది. పిల్లల్ని కనకపోతే ఇదీ అదైపోతుందని ఇంకొకటి హెచ్చరించింది. మీ అమ్మా నాన్నా పోయాక ఇల్లు మీకొస్తుంది, మీరు పోయాక మీ పనివాడికి వెళుతుంది అని బెదిరించింది వేరొకటి. పనివాళ్ళకు ఇల్లు రావటాన్ని జాతీయ ప్రమాదంగా చిత్రించిన ప్రకటన ఈ దేశంలో అంతకు ముందు రాలేదనుకుంటాను.

వీటిలో నాకు ప్రాణప్రదమైనది, అమ్మాయిలను ఉద్దేశించింది. మీకు కాబోయే వాడు ఎప్పటికైనా రతన్ టాటా అంతటి వాడు అవుతాడా అని నిలదీసి, కోరికలు తగ్గించుకోమని దాని సారాంశం. నిజమే కదా అనిపిస్తుంది, రతన్ టాటా గారు జన్మంతా పెళ్ళి చేసుకోలేదని గుర్తొచ్చే దాకా. ఆ మాటకొస్తే హోమీ భాభా గారూ బ్రహ్మచారే. జేఆర్‌డీ టాటా గారికి పెళ్ళయింది, పిల్లలు లేరు. దేశానికి విమానాలూ ఉక్కూ అణుశక్తీ ఇచ్చే పనిలో పడి మనవళ్ళను ఇవ్వటం మరిచిపోయారు.

పదేళ్ళలో ఆ పథకం వల్ల పుట్టిన పిల్లలు నాలుగు వందల పైచిలుకు. ప్రతి బిడ్డా నిండు నూరేళ్ళు బతకాలి, ఆ మాటలో వెటకారం లేదు. కానీ ఏడాదికి నలభై మంది వస్తుంటే పన్నెండు వందల మంది తగ్గుతున్నారు. చిల్లుకుండలో చెంబుతో నీళ్ళు పోస్తున్నాం. చెంబు ఖరీదు గురించి పార్లమెంటులో ప్రశ్నలు అడుగుతారు. చిల్లు గురించి అడగరు.

చిల్లులు చాలా ఉన్నాయి. పార్సీల్లో పదిమందిలో ముగ్గురు అసలు పెళ్ళే చేసుకోరు. పదిమందిలో ముగ్గురు అరవై దాటినవారు. వీరిద్దరూ ఒకరే కూడా కావచ్చు. ఆడపిల్లలు మనకంటే రెండు తరాల ముందే చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు, నచ్చనివాణ్ణి నచ్చలేదు అన్నారు. ఇదంతా నాగరికత. నాగరికతకు జనాభా లెక్కల్లో మార్కులుండవు.

ఇంటి సమస్య మరీ విచిత్రమైనది. మన దగ్గర 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అని రెండు కష్టాలనూ విడివిడిగా చెప్పారు. ముంబై పార్సీలకు రెండూ కలిసి ఒకే కష్టం. వారి ధర్మసంస్థ బొంబాయి పార్సీ పంచాయత్ చేతిలో, పార్సీలకు తక్కువ అద్దెకిచ్చే ఫ్లాట్లు ఐదు వేల పైచిలుకు ఉన్నాయి. ముంబైలో ఆ అద్దెలకు ఇల్లు దొరకటమంటే ముక్కోటి దేవతలూ దిగి రావాలి. అందుకని కుర్రాడు దరఖాస్తు పెట్టి కూర్చుంటాడు. ఇల్లొస్తే గాని పెళ్ళి కాదు. ఉన్నవారు పోతే గాని ఇల్లు రాదు. ఉన్నవారేమో నిత్యం గుడ్డు తిని, పియానో వాయించి, తొంభై దాకా నిక్షేపంగా ఉంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఇంత కొద్దిమందీ ఒక్కతాటి మీద ఉన్నారా అంటే, పంచాంగాలే మూడు. 1745లో సూరత్‌లో, మన పంచాంగం నెల రోజులు తప్పిందంటూ కొందరు విడిపోయి కద్మీలయ్యారు. మిగిలినవారు షహెన్‌షాహీలు. ఇరవయ్యో శతాబ్దంలో ఫస్లీలు వచ్చి, మార్చి 21నే అసలైన కొత్త సంవత్సరం అన్నారు. యాభై ఏడు వేల మందికి మూడు ఉగాదులు! ఏటా పండుగ ఏ రోజో తేలక టీవీ చర్చల్లో పండితులు కలబడటం చూసే మనకు ఇది చూస్తే కొంచెం ఊరటగా ఉంటుంది.

అయితే పెద్ద చిల్లు ఇవేవీ కాదు. దాని పేరు నిర్వచనం.

ఫ్రాన్స్ అమ్మాయి సుజాన్ బ్రియేర్ జరతుష్ట్ర మతం పుచ్చుకుని ఆర్.డి. టాటాను పెళ్ళాడింది. ఆమెను పార్సీగా లెక్కించాలా అనే తగాదా బొంబాయి హైకోర్టుకు ఎక్కింది. 1908లో న్యాయమూర్తులు దావర్, బీమన్ చెప్పినదాని సారం ఇది: పార్సీ అంటే పర్షియా నుంచి వచ్చినవారి వంశంలో పుట్టినవారు, తర్వాత వచ్చిన ఇరానీ జరతుష్ట్రులు, పరాయి స్త్రీ వల్ల పార్సీ తండ్రికి పుట్టి విధిగా మతంలోకి వచ్చిన పిల్లలు. చూశారా, తండ్రి! ఆ ఫ్రెంచి తల్లి కొడుకే జేఆర్‌డీ టాటా, తర్వాత భారతరత్న. ఆయన నిక్షేపంగా పార్సీయే. తల్లి పార్సీ, తండ్రి ఫ్రెంచివాడు అయ్యుంటే అదే పిల్లవాడు అగియారీ, అంటే వారి అగ్ని ఆలయం, గడప బయట నిలబడేవాడు.

నేను గణితంలో మొదటి నుంచీ బలహీనుణ్ణి కానీ, ఇక్కడి సూత్రం నాకు కూడా అర్థమైంది. కొడుకు బయటి పిల్లను చేసుకుంటే కూడిక. కూతురు బయటి అబ్బాయిని చేసుకుంటే తీసివేత. ఆమె ఒక్కతే కాదు, ఆమె పిల్లలు, వాళ్ళ పిల్లలు, పుట్టబోయేవారు కూడా తీసివేతే. ముంబైలో పార్సీల పెళ్ళిళ్ళలో మూడింట ఒకటికి పైగా బయటివారితోనే జరుగుతున్నాయి. ఇక రాత్రంతా కూర్చుని తీసివేసుకోవచ్చు. వల్సాడ్‌లో ఒక పార్సీ మహిళ హిందువును పెళ్ళాడింది. అదీ ఎవరి మతం వారికే ఉంచే ప్రత్యేక వివాహ చట్టం కింద. ఆమెకు ఇక భర్త మతమేనని 2012లో గుజరాత్ హైకోర్టు తేల్చింది. కన్నవాళ్ళు పోతే అంత్యక్రియలకు రావచ్చా అన్న ఒక్క ప్రశ్న కోసం ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017 డిసెంబరులో అక్కడి పార్సీ సంఘం అంజుమన్ సరేనంది. ఒక మనిషి తన తల్లిదండ్రుల శవాల దగ్గర ఏడవటానికి అనుమతి తెచ్చుకోవటానికి పట్టిన కాలంలో ఎంతమంది పార్సీలు తగ్గారో రోజుకు ముగ్గురి చొప్పున మీరే వేసుకోండి.

బిడ్డ పుట్టటానికి చికిత్స ఖర్చు లక్షల్లో. ఉన్న బిడ్డను లెక్కలో కలుపుకోవటానికి ఖర్చు సున్నా. పైసా ఖర్చులేని పనికి పథకం ఎలా పెడతారు?

పార్సీలు పర్షియా నుంచి వచ్చి గుజరాత్‌లోని సంజాన్ రేవులో దిగినప్పుడు అక్కడి రాజు నిండుకుండలా పాలగిన్నె పంపాడనీ, చోటు లేదని దాని భావమనీ, వారి పురోహితుడు అందులో చక్కెర వేసి పంపాడనీ కథ చెబుతారు. పాలు పొర్లలేదు, తియ్యనయ్యాయి. చక్కనిదే ఆ కథ. కాకపోతే చక్కెర పని కరగటం. కరగనంటూ భీష్మించి గ్లాసు అడుగున కూర్చున్న చక్కెర సంగతి టీ తాగే ప్రతివాడికీ తెలుసు. చివరికి అది కడిగే వాడి పాలవుతుంది.

రాబందుల దగ్గరికి వస్తానన్నాను. నిప్పునూ నేలనూ నీటినీ మైలపరచకూడదని పార్సీలు దేహాన్ని దఖ్మాలో ఉంచుతారు, మిగతా పని రాబందులది. పశువులకు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ మందు, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడు చేసింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించేసరికి తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిది వంతులు పోయాయి. ఆ లోటు తీర్చటానికి ముంబైలో దఖ్మాలున్న డుంగర్‌వాడిలో సూర్యకిరణాలను ఒడిసిపట్టే అద్దాలు అమర్చారు, కానీ వానాకాలంలో సూర్యుడు సెలవు పెడతాడు. టాటా సన్స్ అధ్యక్షులుగా పనిచేసిన సైరస్ మిస్త్రీ, రతన్ టాటాల అంత్యక్రియలు దఖ్మాలో కాక వర్లీ శ్మశానవాటికలో జరిగాయి. తెల్లవీపు రాబందు ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ తోడు కుదిరితే. ఈ విషయంలో పక్షికీ మనిషికీ మధ్య ఉన్న ఏకాభిప్రాయం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. వాటికి మాత్రం ఒక సుఖం ఉంది. గుడ్డు పెట్టిన రాబందును, తండ్రి రాబందు ఏ గూటివాడని పంచాయతీ అడగదు.

ఇంత సేపూ పరాయివాళ్ళ ఇంటి గుట్టు చెప్పాను కాబట్టి మన సంగతీ ఒక ముక్క. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో సగటున ఒక్కో మహిళకు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. తరం నిలవాలంటే 2.1 కావాలి. ఇద్దరు దాటితే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని ముప్పై ఏళ్ళు ఆంక్షలు పెట్టిన చట్టాన్ని 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎత్తేసింది. ఎక్కువమందిని కనండని ముఖ్యమంత్రి గారే పిలుపునిచ్చారు. ఆయనకు ఒక్కడే కుమారుడు, ఆ కుమారుడికీ ఒక్కడే. రతన్ టాటా ప్రకటన నాకు మళ్ళీ గుర్తొచ్చింది. ఇక గడప దాటిన కూతుళ్ళ విషయంలో మనం పార్సీలకు పాఠాలు చెప్పే స్థితిలో లేము. వాళ్ళు ఆమెను రిజిస్టరులోంచి తీసేస్తారు. 2018లో మిర్యాలగూడలో అల్లుణ్ణి ఎక్కడి నుంచి తీసేశారో మనకు తెలుసు.

ఇదంతా పెద్దమ్మ అరిసెలు సర్దుతూనే శ్రద్ధగా వింది. మధ్యలో రెండుసార్లు "అయ్యో పాపం" అంది, రాబందుల దగ్గర కూడా. ఆమె కొడుకుకు, అంటే మా అన్నయ్యకు, ఇప్పుడు నలభై ఒకటి. మంచి ఉద్యోగం, సొంత ఫ్లాటు. పదమూడేళ్ళుగా సంబంధాలు చూస్తున్నారు. ఒకటి శాఖ కుదరక, ఒకటి నక్షత్రం కుదరక, ఒకటి అన్నీ కుదిరి అమ్మాయికి అన్నయ్య కుదరక పోయాయి. నేను ముగించి మంచినీళ్ళు తాగుతుంటే పెద్దమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించి అడిగింది.

"అంత మంచివాళ్ళంటున్నావు, పైగా పెళ్ళికాని పిల్లలు చాలామంది ఉన్నారంటున్నావు. వాళ్ళకు గోత్రాలుంటాయేమో కొంచెం కనుక్కోరాదూ."