వాచ్‌మన్‌కు తెలుగు పరీక్ష

మా నిజాంపేట అపార్ట్‌మెంట్ సంఘం ఒక చారిత్రక తీర్మానం చేసి లిఫ్ట్ పక్కన అతికించింది. బిహార్ నుంచి వచ్చిన వాచ్‌మన్, ఒడిశా నుంచి వచ్చిన పనమ్మాయి మూడు నెలల్లో తెలుగు నేర్చుకోవాలట. తీర్మానం మాత్రం ఇంగ్లిషులో ఉంది.

ప్రెసిడెంట్ గారికి ఈ ఆలోచన అమెరికా నుంచి దిగుమతైంది. 2025 మార్చి 1న ఇంగ్లిషుకు పట్టం కడుతూ ట్రంప్ ఉత్తర్వు మీద సంతకం పెట్టేదాకా ఆ దేశానికంతటికీ కలిపి అధికార భాషంటూ లేదు. పాపం, దాదాపు రెండున్నర శతాబ్దాలు సైగలతో నెట్టుకొచ్చి ఉంటారు! "ఎవరి ఊరెళ్తే వాళ్ల భాష నేర్చుకోవాలండీ, మర్యాద" అన్నారాయన. ఏటా ఆవకాయ జాడీతో న్యూజెర్సీ వెళ్లి ఆరు నెలలు కొడుకింట్లో ఉండొచ్చి, "గుళ్లో తెలుగు, కొట్లో తెలుగు, ఒక్క ఇంగ్లిష్ ముక్క అవసరం పడలేదోయ్" అని మురిసిపోయేదీ ఆయనే. యాభై దాటి, ఇరవై ఏళ్లు గ్రీన్‌కార్డుతో ఉన్నవాళ్లకు అక్కడి పౌరసత్వ పరీక్షలో ఇంగ్లిష్ మినహాయింపు ఉంది. ఆయన వియ్యంకుడు పౌరుడైంది ఆ దారిలోనే. మా సెల్లార్‌లో అలాంటి దయాదాక్షిణ్యాల్లేవు.

ఆదివారం మౌఖిక పరీక్ష. మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా చేతులు కట్టుకుని వాచ్‌మన్.

"నీళ్ల ట్యాంకరొస్తే ఏమంటావ్?"

"ట్యాంకర్ ఆగయా సాబ్."

"వచ్చింది అనాలి!"

"ట్యాంకర్ వచ్చింది సాబ్. ట్యాంకర్‌కి తెలుగులో ఏమంటారు సాబ్?"

ప్రెసిడెంట్ సెక్రటరీని చూశారు. సెక్రటరీ ట్రెజరర్‌ని చూశాడు. ట్రెజరర్ ఫోన్ చూసుకున్నాడు. ఇంతలో న్యూజెర్సీ మనవడి వీడియోకాల్. "బాగున్నావా బాబూ?" అని వెనకనుంచి వాచ్‌మన్ పలకరించాడు. ఆయనేమంటున్నాడని మనవడు తాతని ఇంగ్లిషులో అడిగాడు.

అసలు తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. 'ఆగయా' అన్నవాడు ఆ లెక్కన సగం పాసయినట్టే. ఎవరికి చెప్పను?

నేర్చుకోవద్దని నేననను. నేర్పేదెవరు? పన్నెండు గంటల డ్యూటీ చేసినవాడికి ఏ రాత్రి బడి తెరిచారు? మా వెనక సైటులో ముప్పై అంతస్తులు లేస్తున్నాయి. కట్టేది ఒడిశా, జార్ఖండ్ పిల్లలు. బెల్టు కట్టుకోమనే బోర్డు ఇంగ్లిషులో వేలాడుతోంది. రేపొకడు జారిపడితే, భాష రాక పోయాడని రాసుకుంటారా? వాడి భాషలో ఆ ఒక్క బోర్డు రాయించడానికి చేతులు రావు గానీ, సెల్లార్‌లో కుర్చీలేసుకుని 'వచ్చింది అనాలి' అని గద్దిస్తారు. సిగ్గుండాలి.

వాచ్‌మన్ తప్పాడు. వచ్చే ఆదివారం సప్లిమెంటరీ. ఫీజు లేదన్నారు.