ఇంగ్లండ్ పల్లెపాటను రేడియో చంపలేదు

జానపదం మీద ఎక్కడ మాట వచ్చినా ఒక కథనం మళ్లీ మళ్లీ చేతులు మారుతూ కనిపిస్తుంది. దాని సారాంశం ఇది. ఇంగ్లండులో 1922 దాకా ప్రతి పల్లెలోనూ జనం పాడుకునేవారట. ఆ ఏడాది రేడియో వచ్చిందట. జనం పాడటం మాని వినడానికి అలవాటుపడ్డారట. వెయ్యేళ్లుగా నోటి నుంచి నోటికి స్వచ్ఛంగా వచ్చిన పాట ఒక్క తరంలో అంతరించిందట. బీబీసీ ఆ పాటను గడప తొక్కనివ్వలేదట, తొక్కనిచ్చినా కల్తీ చేసి వినిపించిందట. ఇప్పుడక్కడ పాడేవాళ్లే లేరట.

ఇన్ని ‘అట’ల్లో నిలబడేవి చాలా తక్కువ. ఆకాశవాణిలో జానపద గీతాలు విని పెరిగిన మనవాళ్లు కూడా దీన్ని అంత తేలిగ్గా నమ్మడం నాకు వింతగానే ఉంటుంది. రేడియో చేసిన తప్పు ఒకటి నిజంగానే ఉంది. అది ఈ కథనంలో చెప్పిన తప్పు మాత్రం కాదు. వరుసగా చూద్దాం.

“1922 దాకా అందరూ పాడుకునేవారు”

బీబీసీ తొలి ప్రసారం లండన్ నుంచి 1922 నవంబర్ 14న. దానికి 34 ఏళ్ల ముందే, 1888లో, డెవన్‌లో సబీన్ బేరింగ్-గూల్డ్ అనే మతగురువు ముసలి గాయకులను వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టాడు. వీళ్లు పోతే పాటలూ పోతాయన్నదే ఆయన తొందర. 1898లో పాటల సేకరణ కోసమే లండన్‌లో ఫోక్ సాంగ్ సొసైటీ పెట్టారు. 1903లో సోమర్సెట్‌లోని హాంబ్రిడ్జ్‌లో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పాడుతుంటే, తర్వాత పేరుమోసిన పాటల సేకర్త అయిన సెసిల్ షార్ప్ విన్నాడు. అదే ఏడాది డిసెంబర్లో ఎసెక్స్‌లోని ఇన్‌గ్రేవ్‌లో స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ ఒక వృద్ధ కూలీ నోట పాట విని రాసుకున్నాడు. వీళ్లకు పాడి వినిపించినవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. కొడుకులు, మనవలు ఆ పాటలు నేర్చుకోవడం లేదన్నది అప్పటి సేకర్తలందరి గోడు. షార్ప్ 1924లో పోయాడు. అప్పటికి బీబీసీకి రెండేళ్లు కూడా నిండలేదు. అంటే ఆయన జీవితమంతా ఏడ్చింది రేడియోకు ముందు జరిగిన నష్టం గురించి.

మరి పాట ఎందుకు సన్నగిల్లింది? కారణాలు చాలా ఉన్నాయి, ఏదీ ఒక్క రోజులో వచ్చింది కాదు. 1851 జనాభా లెక్కల నాటికే ఇంగ్లండ్, వేల్స్‌లలో సగానికి పైగా జనం పట్టణాల్లో ఉన్నారు. 1870ల నుంచి వ్యవసాయం కుదేలైంది, కూలీలు ఊళ్లు వదిలారు. కోత పనికి గుంపుగా వెళ్లే మనుషులు తగ్గితే కోతల విందులో పాడే గొంతులూ తగ్గుతాయి. పట్టణాల్లో మ్యూజిక్ హాళ్లు, అంటే పాటలు, హాస్యం ప్రదర్శించే వినోదశాలలు వచ్చాయి, వాటి పాటలు రైలెక్కి పల్లెలకు చేరాయి. ఊరి చర్చిలో పై అరుగు మీద కూర్చుని ఫిడేలు, క్లారినెట్ వాయించే రైతుల మేళాన్ని తీసేసి ఆర్గన్, హార్మోనియం పెట్టారు. దాంతో ఊళ్లో వాద్యం తెలిసినవాళ్లకు ఉన్న ఒక ఆసరా పోయింది. ఆ పైన మొదటి ప్రపంచ యుద్ధం. పాటలు, నృత్యాలు సేకరించిన యువ స్వరకర్త జార్జ్ బటర్‌వర్త్ 1916లో సోమ్ యుద్ధంలో చనిపోయాడు. పేర్లు రికార్డుకెక్కని పల్లె కుర్రాళ్లు ఇంకెందరో.

రేడియో ఏ మార్పూ తేలేదని నేను అనడం లేదు. 1939 నాటికి బ్రిటన్‌లో సుమారు 90 లక్షల రేడియో లైసెన్సులున్నాయి. సాయంత్రం ఇంట్లో కాలక్షేపం మారింది, పబ్బులో వినిపించే పాటలూ మారాయి. కానీ మంచాన పడ్డ మనిషిని చూడటానికి చివర్లో వచ్చినవాడి మీద హత్యానేరం మోపడం న్యాయం కాదు.

“వెయ్యేళ్ల స్వచ్ఛమైన నోటి సంప్రదాయం”

దీనికి పెద్దగా వాదన అక్కర్లేదు. లండన్‌లోని సెవెన్ డయల్స్ పేటలో జేమ్స్ క్యాట్నాక్ వంటి ముద్రాపకులు ఒక్కో కాగితం మీద పాటలు అచ్చువేసి చిల్లర డబ్బులకు అమ్మేవారు. తిరుగుడు వర్తకులు వాటిని సంతల్లో, వీధుల్లో పాడుతూ అమ్మేవారు. సేకర్తలు పల్లెల్లో విన్న పాటల్లో అత్యధిక భాగం ఏదో ఒక కాలంలో ఇలా అచ్చయినవే. స్టీవ్ రౌడ్ అనే గ్రంథాలయ నిపుణుడు దశాబ్దాలుగా తయారు చేస్తున్న సూచికలో సుమారు 25,000 పాటలకు నంబర్లున్నాయి. ఒక్కో నంబరు కింద చూస్తే గాయకుల పేర్ల పక్కనే అచ్చుకాగితాలూ కనిపిస్తాయి. వాటిలో చాలావాటి వయసు రెండు మూడు శతాబ్దాలే. బయటి గొంతు పల్లెలోకి మొదటిసారి రేడియోతో రాలేదు. అచ్చుకాగితంతో వచ్చింది, తిరిగొచ్చిన నావికుడితో వచ్చింది, సైనికుడితో వచ్చింది. పల్లె వాటన్నిటినీ తనవి చేసుకుంది.

“బీబీసీ గడప తొక్కనివ్వలేదు”

నాకు కోపం తెప్పించేది ఇదే, ఎందుకంటే ఇది సత్యానికి దాదాపు తలకిందులు.

1939 సెప్టెంబర్లో యుద్ధం మొదలై పిల్లలను నగరాల నుంచి పల్లెలకు తరలిస్తున్న రోజుల్లో బీబీసీ బడుల కోసం ‘సింగింగ్ టుగెదర్’ అనే కార్యక్రమం పెట్టింది. రేడియో ముందు తరగతంతా కూర్చుని, చేతిలో చిన్న పాటల పుస్తకం పట్టుకుని, పాడేవారితో పాటు పాడేది. అందులో ఎక్కువ భాగం జానపద గీతాలే. అది 2000ల తొలి ఏళ్ల దాకా నడిచింది. అరవై ఏళ్లకు పైగా! బ్రిటన్‌లో యాభై దాటిన వాళ్లను కదిపితే, బడిలో నేర్చుకున్న పాట ఒకటో రెండో ఇప్పటికీ పాడి వినిపించేవాళ్లు దొరుకుతారు. జనాన్ని పాడటం మానిపించిన యంత్రం అని మనం తిడుతున్న యంత్రమే అది.

ససెక్స్‌లోని రాటింగ్‌డీన్ ఊరి కాపర్ కుటుంబం కథ ఇంకా బాగుంటుంది. తరతరాలుగా పొలం పనుల కుటుంబం, రెండు గొంతులు జోడించి పాడటం వాళ్ల ప్రత్యేకత. 1898లో ఫోక్ సాంగ్ సొసైటీ కార్యదర్శి కేట్ లీ ఆ ఇంటి అన్నదమ్ములు జేమ్స్, థామస్‌ల దగ్గర పాటలు రాసుకుంది. బల్ల మీద విస్కీ సీసా పెట్టి పాడించిందని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. వాళ్లను సొసైటీ గౌరవ సభ్యులను చేసింది, ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జేమ్స్ కొడుకు జిమ్ 1936లో పాటల మాటలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టాడు, మరుగున పడిపోతాయేమోనని. 1950లో జిమ్ బీబీసీ రేడియోలో ‘కంట్రీ మ్యాగజైన్’ అనే పల్లె జీవిత కార్యక్రమం వింటుంటే తమ ఇంటి పాటల్లో ఒకటి వచ్చింది. బీబీసీకి ఉత్తరం రాశారు. కార్యక్రమ సంగీత బాధ్యుడు ఫ్రాన్సిస్ కాలిన్సన్ ఇంటికొచ్చి విన్నాడు. ఆ ఏడాదే జిమ్, అతని కొడుకు బాబ్ గాలి తరంగాల మీద పాడారు. తర్వాత బాబ్ బీబీసీ తరఫున ససెక్స్, హాంప్‌షైర్ పల్లెలు తిరిగి ఇతర గాయకులను రికార్డు చేశాడు. ఆ కుటుంబం పాడుతూనే ఉంది. రేడియో రాకపోయి ఉంటే ఆ పుస్తకం ఏ అటక మీదో ఉండేది.

ఇక 1952 నుంచి 1957 దాకా బీబీసీ జానపద సంగీతం, మాండలికాల రికార్డింగ్ పథకం నడిపింది. పాటల సేకర్త పీటర్ కెనడీ, ఐర్లండ్ వాయిద్యకారుడు షేమస్ ఎనిస్ వంటివాళ్లు యంత్రాలు మోసుకుంటూ బ్రిటన్, ఐర్లండ్‌లలో ఊరూరా తిరిగారు. నార్ఫోక్ వ్యవసాయ కూలీ హ్యారీ కాక్స్, ష్రాప్‌షైర్ పొలాల్లో పనిచేసిన ఫ్రెడ్ జోర్డన్ గొంతులు అలా భద్రమయ్యాయి. ఆ రికార్డింగుల నుంచి ‘యాజ్ ఐ రోవ్డ్ ఔట్’ అనే కార్యక్రమం 1953లో మొదలై ఆదివారం ఉదయాల్లో వచ్చేది. అంతకు ముందే, 1939లో, సఫోక్‌లోని ఈల్స్ ఫుట్ అనే పల్లె పబ్బులో శనివారం రాత్రి పాటలను ఉన్నవి ఉన్నట్టు రికార్డు చేసి ప్రసారం చేశారు. గడప తొక్కనివ్వకపోవడం అంటే ఇదేనా?

“వినిపించింది కల్తీ సరుకు”

ఇక్కడ కథనంలో సగం నిజముంది, కాబట్టి కొంచెం ఆగాలి.

తొలి ఏళ్లలో రేడియోలో పల్లెపాట వచ్చేది, పల్లె గాయకుడు రాడు. పియానో సహకారంతో, కచేరీ శిక్షణ పొందిన గొంతులు పాడేవి. ప్రసిద్ధ గాయని క్యాథ్లీన్ ఫెరియర్ 1949లో రికార్డు చేసిన, ఈశాన్య తీరంలోని నార్తంబ్రియా పాట రేడియోలో ఎన్నిసార్లు మోగిందో లెక్కలేదు. అది అందమైన గానమే, నాకూ ఇష్టమే. కానీ చేపలు పట్టే ఊరి గొంతు కాదది. కూలీవాడు చెప్పిన మాటను కూడా స్టూడియోలో నటుడి చేత చెప్పించడం ఆనాటి పద్ధతి. ఉచ్చారణ ‘సరిగా’ లేని మనిషికి మైకు ఇవ్వడానికి ఆ సంస్థ చాలా కాలం జంకింది. రేడియో అసలు తప్పు ఇది. పాటను రానిచ్చి పాడేవాణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టింది.

అయితే ఆ తప్పును దిద్దుకున్నదీ రేడియోలోనే. 1957 ఫిబ్రవరిలో చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ దగ్గర బ్రేకులు పనిచేయని గూడ్సు రైలును వదలకుండా ప్రాణం పోగొట్టుకున్న డ్రైవర్ జాన్ ఆక్సన్ మీద, బర్మింగ్‌హామ్ బీబీసీ నిర్మాత చార్ల్స్ పార్కర్, పాటగాడు యూవన్ మెకాల్, అమెరికా గాయని పెగ్గీ సీగర్ కలిసి ఒక కార్యక్రమం చేశారు. మొదట అనుకున్నది మామూలుగానే, టేపుల్లో విషయం తీసుకుని నటుల చేత చెప్పించాలని. తీరా రైల్వే కార్మికుల గొంతులు విన్నాక ఏ నటుడూ వాటికి సాటిరాడని అర్థమై, ఆ టేపులనే పాటల మధ్య పేర్చారు. 1958 జులైలో అది ప్రసారమైంది. అలా మొదలైన ‘రేడియో బ్యాలడ్లు’ 1964 దాకా మొత్తం ఎనిమిది వచ్చాయి. హెర్రింగ్ చేపల వేట మీద 1960లో చేసినదానికి ప్రి ఇటాలియా అనే అంతర్జాతీయ ప్రసార బహుమతి వచ్చింది. అందులో నార్ఫోక్‌లోని వింటర్టన్‌కు చెందిన ముసలి జాలరి శామ్ లార్నర్ మాట్లాడాడు, పాడాడు. ఆయన జీవితం, మాటల నుంచి మెకాల్ కట్టిన ఒక పాటను పాతకాలపు సంప్రదాయ గీతమే అనుకుని పాడేవాళ్లు తర్వాత ఎంతోమంది. దాన్ని కల్తీ అంటే అనుకోండి. రేడియో కోసం పుట్టిన పాట జనం నోట్లో పడి జానపదమైపోతే, రేడియో జానపదాన్ని చంపిందని ఎలా అంటాం?

“ఇప్పుడు పాడేవాళ్లే లేరు”

నార్ఫోక్‌లోని నాప్టన్ ఊళ్లో వాల్టర్ పార్డన్ అనే వడ్రంగి ఉండేవాడు. 1914లో పుట్టాడు, అంటే పెద్దయ్యేటప్పటి నుంచీ రేడియో కాలమే. మేనమామ దగ్గర నేర్చుకున్న పాటలను వినేవాళ్లు లేకపోయినా గుర్తుపెట్టుకున్నాడు. బయటి ప్రపంచానికి తెలిసింది 1970లలో. అప్పటికి సంప్రదాయం ఎప్పుడో ముగిసిందని పండితులు తీర్మానించేశారు.

షెఫీల్డ్ దగ్గరి స్టానింగ్టన్, వొరల్, డంగ్‌వర్త్ ఊళ్లకు నవంబర్ మధ్యలో వెళ్తే క్రిస్మస్ దాకా వారం వారం పబ్బుల్లో జనం కిక్కిరిసి క్యారల్స్ అనే స్థానిక క్రిస్మస్ గీతాలు పాడుతుంటారు. ఒకే గీతానికి అక్కడ రకరకాల బాణీలు. అవి చర్చి వద్దనుకున్న బాణీలు, పబ్బుల్లో బతికాయి. రేడియో, టీవీ, ఫోన్లు అన్నీ వచ్చాక కూడా.

నేటి రేడియో మీద ఫిర్యాదు చేయాలంటే చేయొచ్చు, కాకపోతే సరైనది ఎంచుకోవాలి. బీబీసీ రేడియో 2లో జానపదానికి దక్కేది వారానికి ఒక గంట. 2000లో మొదలైన ఆ స్టేషన్ జానపద అవార్డులు 2019 తర్వాత జరగలేదు. 2023లో బీబీసీ ఇంగ్లండులోని స్థానిక స్టేషన్ల కార్యక్రమాలను కుదించి చాలావాటిని ఉమ్మడి ప్రసారాలుగా మార్చింది. ఆ జిల్లా గాయకుణ్ని ఆ జిల్లా మైకు ముందు కూర్చోబెట్టే కార్యక్రమాల్లో కొన్ని అలా ఆగిపోయాయి. శ్రోతలు గట్టిగానే అడిగారు. అడగాల్సింది కూడా అదే: రేడియో ఎందుకు వచ్చిందని కాదు, మా ఊరి పాటకు దక్కిన గంటను ఎందుకు తీసేశారని.