సంతకం లేని చోట ఉత్తరం

సౌదీ రచయిత్రి రజా అల్ సానియా నవల ‘బనాత్ అల్ రియాద్’ (రియాద్ అమ్మాయిలు)లో ఒక నిఖా ఘట్టం ఉంది. సదీమ్ చదువుకున్న పిల్ల. ఒప్పంద పత్రం మీద సంతకం చేయబోతుంటే ఇంటి పెద్దావిడ ఆపుతుంది. ఆడపిల్ల వేలిముద్ర వేస్తే చాలు, సంతకాలు చేసేది మగవాళ్లే అంటుంది. నిఖా అయ్యాక, పెళ్లి వేడుక ఇంకా జరగకముందే వరుడు వలీద్‌కి సదీమ్ దగ్గరవుతుంది. తర్వాత అతను మాటైనా చెప్పకుండా విడాకులిచ్చేస్తాడు.

సంతకం దక్కని ఇలాంటి అమ్మాయిల కథ కాబట్టే ఆ నవల ఉత్తరాల రూపంలో నడిచిందని నా నమ్మకం. పేరు చెప్పని ఒక యువతి ప్రతి శుక్రవారం ఈమెయిల్ పంపుతుంది. పాఠకుల తిట్లూ, సలహాలూ తర్వాతి మెయిల్లో చేరతాయి. 2005లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో అచ్చయిన ఈ పుస్తకాన్ని సౌదీలో మొదట నిషేధించారు.

అయితే నన్ను వెంటాడేది ఉత్తరం కన్నా జవాబు. పాలస్తీనా రచయిత ఘస్సాన్ కనఫానీ 1972లో బీరూట్‌లో హత్యకు గురయ్యాడు. అతను తనకు రాసిన ప్రేమలేఖలను సిరియా రచయిత్రి ఘాదా సమ్మాన్ 1992లో ప్రచురించింది. అందులో ఆమె ఉత్తరాలు లేవు. అరబిక్ రచయిత్రి మే జియాదా విషయంలోనూ అంతే, లెబనాన్ కవి ఖలీల్ జిబ్రాన్ ఆమెకు రాసినవే లోకం చదువుకుంటోంది. ఇద్దరూ పేరున్న రచయిత్రులే. అయినా ప్రేమకథలో వాళ్ల వంతు మాట మనకు వినిపించదు.

అదే 1992లో లెబనాన్ రచయిత్రి హనాన్ అల్ షేఖ్ నవల ‘బరీద్ బైరూత్’ (బీరూట్ తపాలా) వచ్చింది. లెబనాన్ అంతర్యుద్ధంలో చిక్కుకున్న కథానాయిక అస్మహాన్ విదేశంలోని స్నేహితురాలికి, ప్రియుడికి, అమ్మమ్మకి, చివరికి యుద్ధానికీ ఉత్తరాలు రాస్తుంది. చనిపోయిన గాయని బిల్లీ హాలిడేకి కూడా. జవాబు వస్తుందన్న ఆశ లేకపోవడంతో ఆమె గొంతులో ఎక్కడా జంకు కనిపించదు. సంజాయిషీ అడిగే తండ్రి గానీ, భర్త గానీ ఆ ఉత్తరాలకు అవతలివైపు లేరు. ఆఖరికి దేశం వదిలే అవకాశం వచ్చినా బీరూట్‌లోనే ఉండిపోతుంది.

2019లో అంతర్జాతీయ అరబిక్ నవలా బహుమతి గెలిచిన లెబనాన్ రచయిత్రి హుదా బరకాత్ నవల ‘బరీద్ అల్ లైల్’ (రాత్రి తపాలా) ఈ దారిలోనే ఇంకా ముందుకు వెళ్లింది. ఒక మగవాడు ఒక స్త్రీకి రాసిన ఉత్తరం ఆమెకు అందదు. హోటల్ గదిలో ఇంకెవరికోసమో ఎదురుచూస్తున్న మరో స్త్రీ చేతికి చిక్కుతుంది. చదివి, ఆమె తన ఉత్తరం మొదలుపెడుతుంది. అదీ చేరదు. నవలలో ఆఖరి మాట పోస్ట్‌మ్యాన్‌ది. అతని దగ్గర ఉత్తరాలున్నాయి, పంచడానికి వీధులు లేవు.