వినేవాళ్లకు జీతం అక్కర్లేదా?

పోయిన అక్టోబరులో, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం వంకతో, బెంగళూరులోని మన తెలుగు సంఘంలో ఒక ఆదివారం సాయంత్రం చిన్న సభ పెట్టుకున్నాం. మాట్లాడటానికి ఒక తెలుగమ్మాయిని పిలిచాం. క్లినికల్ సైకాలజిస్టు, అంటే మనసు బాధలు విని, మాటలతో వైద్యం చేసే నిపుణురాలు. యలహంక నుంచి మారతహళ్లి దాకా ఆ ట్రాఫిక్‌లో పడి వచ్చింది. గంటసేపు మాట్లాడింది. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. భోజనాల దగ్గర ఒకరి తర్వాత ఒకరు ఆమెను పక్కకు పిలిచారు. ఎప్పుడూ క్రికెట్ తప్ప ఇంకో మాట ఎత్తని ఒకాయన, పేపరు ప్లేటులో పులిహోర అలాగే పట్టుకుని ముప్పావుగంట తన కొడుకు సంగతి చెప్పుకున్నాడు. ఆ అమ్మాయి మధ్యలో ఒక్కసారి కూడా ఫోను చూసుకోలేదు. తినలేదు కూడా.

వెళ్లేటప్పుడు శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, ఫొటో తీసుకుని పంపించాం. సౌండ్ సిస్టమ్ అతనికి డబ్బులిచ్చాం. కేటరింగ్‌కిచ్చాం, కుర్చీలకిచ్చాం. ఆమెకు కనీసం క్యాబ్ చార్జీలైనా ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు. సంఘం లెక్కలు రాసేది నేనే కాబట్టి ఇంకొకరిని అనడానికి నాకు నోరు లేదు.

మనం చేసినదే ప్రభుత్వాలూ చేస్తున్నాయి. కాకపోతే వాళ్ల దగ్గర శాలువాలు కూడా ఉండవు.

హోసూరు రోడ్డు మీద కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఓపీ దగ్గర పొద్దున్నే నిలబడితే కన్నడతో పాటు తెలుగూ గట్టిగానే వినిపిస్తుంది. అదీ సీమ తెలుగు. ఆ మధ్య మా బంధువు ఒకరిని తీసుకెళ్లినప్పుడు, తమ్ముణ్ని వెంటపెట్టుకుని రాత్రి బస్సులో వచ్చిన ఒకామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో చీటీల కట్ట. ఇంత దూరం ఎందుకు రావలసి వచ్చిందని అడిగాను. "మా దగ్గరే గవర్నమెంటాసుపత్రిలో చూపించినాం సార్. పోయినసారి ఉండిన మేడం ఈసారి లేదు. కొత్తామెకు మళ్లా మొదట్నుంచి చెప్పుకోవాల. మావాడు ఇంగ నోరే తెరవడం లేదు" అంది.

జ్వరానికైతే డాక్టరు మారినా మాత్ర మారదు. ఇక్కడ మందులో సగం ఆ మనిషే. మరి ఆ మేడం ఎందుకు వెళ్లిపోయిందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఇలాంటి ఉద్యోగాలు చేసిన పిల్లలు మా చుట్టాల్లోనే ఇద్దరున్నారు, వాళ్లు చెప్పే కథ మాత్రం ఒకటే. పదకొండు నెలల కాంట్రాక్టు. ఒకరోజు బ్రేక్ ఇచ్చి మళ్లీ పదకొండు నెలలు. జీతం రెండు మూడు నెలలకోసారి, అదీ "గ్రాంటు రాలేదమ్మా" అన్న మాటతో. డిగ్రీ మూడేళ్లు, ఎంఏ రెండేళ్లు, ఆ పైన ఎంఫిల్ రెండేళ్లు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్. ఏడేళ్లు చదివిన పిల్ల ఇంటద్దెకు నాన్నను అడుగుతుంది. రెండో ఏడు తిరక్కుండానే ఏ కార్పొరేట్ ఆసుపత్రికో, ఏ కౌన్సెలింగ్ యాప్‌కో వెళ్లిపోతుంది. ఆ పిల్లను తప్పు పట్టగలమా?

జిల్లాల్లోనే వైద్యం అందాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1980ల్లో నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో, ఊళ్లలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే మానసిక వైద్యం చేసి చూపించారు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. కాగితం మీద ఒక సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు ఉండాలి. కాగితం బాగుంది. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో తేలిందేమిటంటే, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి అసలు వైద్యమే అందడం లేదు.

డబ్బు లేదంటారు. 2024-25 కేంద్ర బడ్జెట్లో మానసిక ఆరోగ్యానికి చూపించిన సుమారు వెయ్యి కోట్లలో 850 కోట్లు నిమ్హాన్స్‌కే. బెంగళూరువాణ్ని, నిమ్హాన్స్‌కు ఒక్క రూపాయి తగ్గించమని నేననను. కానీ జిల్లాలో మనిషిని నిలబెట్టకపోతే అందరూ రాత్రి బస్సెక్కి ఇక్కడికే వస్తారు, ఇక్కడ క్యూ పెరుగుతుంది, దానికి మళ్లీ ఇంకో బిల్డింగు కడతాం. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ చూడండి, ఫోన్లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ. 14416కి ఏ అర్ధరాత్రి ఫోన్ చేసినా ఒకరు ఎత్తుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. ఇప్పటిదాకా 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి. దానికి 2023-24 బడ్జెట్లో కేటాయించింది సుమారు 134 కోట్లు, మరుసటి ఏడు 90 కోట్లు. కాల్స్ పెరిగాయి, డబ్బు తగ్గింది. చావాలనుందని అవతల ఒకరు ఏడుస్తుంటే ఇవతల కూర్చుని గంటల తరబడి వినే మనిషికి ఇంతేనా మనం కట్టే ధర?

చట్టం కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకొచ్చింది. జనాభాకు తగ్గట్టు నిపుణుల సంఖ్యను పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాలకు తేవడానికి ప్రభుత్వాలు ప్రయత్నించాలని అందులో రాసుంది. అంటే 2028. లక్ష జనాభాకు ముగ్గురు సైకియాట్రిస్టులు కావాల్సిన చోట మనకున్నది 0.75 అని లెక్క. కాంట్రాక్టు మీద మిగతావాళ్లు ఎక్కడినుంచి వస్తారు? శాశ్వత ఉద్యోగి చేసే పనే చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ హోదా వేతన స్కేల్లో కనీస మొత్తమైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లోనే పంజాబ్ కేసులో చెప్పింది. దాన్ని అడిగితే వచ్చే పదకొండు నెలలు ఉండవని ఆ పిల్లల భయం.

"ఇందిరానగర్లో సెషన్‌కి రెండు వేలు తీసుకుంటున్నారు కదండీ, వాళ్లకేం తక్కువ?" అని మనవాళ్లే అంటారు. నిజమే, తీసుకుంటున్నారు. అందులో గది అద్దె పోతుంది, యాప్ వాటా పోతుంది, రోజుకు ఐదారుగురికి మించి చూడలేరు, చూస్తే వినడం మానేసి తలూపడం మొదలవుతుంది. అయినా ఆ రెండు వేలు ఇచ్చుకోగలిగింది ఎవరు? మన అపార్ట్‌మెంటులో ఉండే మనం. మన ఇంట్లో పనిచేసే మదనపల్లె ఆవిడ కాదు.

ఏటా ఉగాదికి ముఖ్య అతిథిగా వచ్చే ఎమ్మెల్యేగారిని మనం తెలుగు భవనానికి స్థలం అడుగుతాం. ఆయనా ఏటా తప్పకుండా ఇస్తానంటారు. ఈసారి స్థలం వదిలేసి, తాలూకా ఆసుపత్రిలో సైకాలజిస్టు పోస్టు శాశ్వతం చేయమనీ, ఒకటో తారీకున జీతం పడేలా చూడమనీ అడగాలని నా మాట. ఎలాగూ రెండూ ఒకేసారి ఇవ్వరు.

ఈ ఉగాది ఖర్చుల పట్టికలో సౌండ్ సిస్టమ్ కింద "కౌన్సెలర్ ఫీజు, పోయిన సభ బాకీతో కలిపి" అని ఒక లైను రాశాను. కమిటీలో ఒక పెద్దాయన కళ్లజోడు పైకి జరిపి చూసి, "ఆ అమ్మాయి అడిగిందా?" అన్నారు. అడగలేదన్నాను. ఆయన పేజీ తిప్పారు. నేను మళ్లీ వెనక్కి తిప్పాను.