పేరు కోసం నిద్ర మానుకోకండి

బిడ్డ పుట్టిందని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న పాపా, బాబా అని. రెండోది, పేరేం పెడుతున్నారు అని. మొదటి దానికి జవాబు సిద్ధంగా ఉంటుంది. రెండో దానికి చాలామంది దగ్గర ఉండదు, ఉండకపోతే తప్పూ లేదు. కానీ అడిగినవాళ్లు "ఇంకా అనుకోనేలేదా?" అంటూ ముఖం అదోలా పెట్టేసరికి, నిన్నగాక మొన్న ప్రసవమైన తల్లికి ఏదో పెద్ద బాధ్యత మరిచిపోయినట్టు గుబులు మొదలవుతుంది. ఇది చిన్న విషయమని కొట్టిపారేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కొట్టిపారేయలేను. మా చెల్లెలు దీనివల్ల ఎంత నలిగిపోయిందో దగ్గరుండి చూశాను.

నెలలు నిండకముందే తను ఫోన్‌లో ఒక నోట్ తెరిచి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో సరదాగానే ఉండేది. పోనుపోను ఆ నోట్ ఎంత పెరిగిందంటే, వేలితో ఎంత జరిపినా అడుగు కనిపించదు. ఒక్కో పేరు పక్కన ఒక్కో మాట: అమ్మకు నచ్చలేదు, ఆఫీసులో ఒకావిడకు ఇదే పేరు, నోరు తిరగదు, మరీ పాతది, మరీ కొత్తది. పాప పుట్టాక రాత్రి పాలిచ్చి పడుకోబెట్టి, తను మాత్రం పడుకోకుండా మళ్లీ ఆ నోటే తెరిచేది. కొట్టేసిన పేర్లనే తిరిగి రాసుకునేది. "అక్కా, జీవితాంతం దాంతో ఉండాల్సింది కదా. రేపు పెద్దయ్యాక ఈ పేరెందుకు పెట్టావమ్మా అని నిలదీస్తే ఏం చెప్పను?" అని ఒక రాత్రి ఏడ్చేసింది. పక్కనే పాప హాయిగా నిద్రపోతోంది.

నాకు అర్థమైనంతలో ఈ టెన్షన్‌కు రెండు కారణాలు. ఎక్కడో ఒక సరైన పేరు ఉంది, దాన్ని వెతికి పట్టుకుని తీరాలి అన్న నమ్మకం ఒకటి. ఆ వెతుకులాటలోకి బంధుమిత్రులందరినీ రానివ్వడం రెండోది.

ముందు ఆ నమ్మకం సంగతి. అలాంటి పేరు లేదు. అర్థం గొప్పగా ఉండాలి, ఎవరికీ ఉండకూడదు, అందరికీ సులువుగా పలకాలి, పెద్దవాళ్లకు నచ్చాలి, పాతికేళ్ల తర్వాత కూడా కొత్తగా వినిపించాలి. వీటిలో సగం షరతులు ఒకదానితో ఒకటి పడవు. ఎవరికీ లేని పేరు కావాలంటే ఎవరూ వినని పేరే కావాలి. విననిదాన్ని జనం మొదటిసారే సరిగ్గా పలకరు, సరిగ్గా రాయరు. ఆ బిడ్డ ప్రతి కౌంటర్ దగ్గరా, ప్రతి ఫోన్ కాల్‌లోనూ తన పేరు అక్షరం అక్షరం చెప్పుకోవాలి. అది భరించదగ్గ ఇబ్బందే, కాదనను. కానీ 'ఎవరికీ లేని పేరు' అన్నది బిడ్డ కోరిక కాదు, మన కోరిక. ఆ సంగతి మనకు తెలిసి ఉండాలి.

హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1956లోనే ఒక మాట రాశాడు. ఉన్నవన్నీ పరిశీలించి అన్నిటికన్నా మంచిదాన్ని ఎంచుకోవడం ప్రాణులకు సాధ్యమయ్యే పని కాదు, అవసరానికి సరిపోయేది దొరికితే చాలు, బతుకు సాగిపోతుంది అని. 1978లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పేర్ల విషయంలో ఈ పద్ధతికి మించింది నాకు కనబడలేదు. మీకు నిజంగా ముఖ్యమైనవి రెండో మూడో షరతులు ముందే రాసుకోండి. వాటికి సరిపడే పేర్లు నాలుగైదు రాగానే లిస్టు ఆపేయండి. ఆ తర్వాత ఎవరు ఎంత మంచి పేరు చెప్పినా అందులో చేర్చొద్దు. పేర్ల యాప్‌లను ఫోన్‌లోంచి తీసేయండి. వాటికి చివరి పేజీ అంటూ ఉండదు. ఇంకొక్కసారి చూద్దాం అనిపించేలాగే వాటిని తయారుచేస్తారు.

పాతికేళ్ల తర్వాత ఈ పేరు ఎలా ఉంటుందో అన్న భయం ఒకటుంది చూశారా, అది మన చేతిలో లేనిది. అమెరికాలో ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టే పేర్లలో ఒకప్పుడు అలెక్సా ఉండేది. 2014 చివర్లో అమెజాన్ అదే పేరుతో, పిలిస్తే పలికే పరికరాన్ని తెచ్చింది. కొన్నేళ్లు తిరిగేసరికి ఆ పేరు పెట్టేవాళ్లు బాగా తగ్గిపోయారు. అంతకుముందు తమ కూతురికి ముచ్చటపడి ఆ పేరు పెట్టుకున్న తల్లిదండ్రులు ఏం పొరపాటు చేశారు? ఏమీ లేదు. ఎంత ఆలోచించినా, ఎన్ని రాత్రులు మేలుకున్నా ఆ సంగతి వాళ్లు ముందుగా కనిపెట్టగలిగేవాళ్లు కాదు.

ఇక రెండో కారణం. దీని గురించి కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఎందుకంటే మా ఇంట్లో జరిగిన దాంట్లో సగం పాపం దీనిదే. పేరు చెప్పి సలహా అడిగితే ఎవరూ ఊరుకోరు. సలహా అడిగాక ఏదో ఒకటి చెప్పాలి కదా అని వెతుకుతారు, వెతికితే ప్రతి పేరుకూ ఒక వంక దొరుకుతుంది. మా చెల్లెలు బాగా ఇష్టపడ్డ ఒక పేరును మా బంధువు ఒకావిడ "అబ్బే, ఆ పేరున్నవాళ్లు ఎవరూ సుఖపడగా నేను చూళ్లేదమ్మా" అని ఒక్క మాటతో తీసిపారేసింది. ఆవిడ పది నిమిషాల్లో ఆ మాట మరిచిపోయి ఉంటుంది. మా చెల్లెలు మాత్రం ఆ పేరు మళ్లీ నోటితో పలకలేకపోయింది. బాలింత దగ్గర కూర్చుని అనాల్సిన మాటేనా అది? పేరు నచ్చకపోతే నచ్చలేదని మనసులో ఉంచుకోవచ్చు. మీరు పిలవడానికి ముద్దుపేరు మీరు పెట్టుకోవచ్చు. తల్లి నోట్లో ఉన్న పేరును మాత్రం పాడుచేయకండి.

ఫలానా పెద్దాయన పేరు పెట్టకపోతే ఆయన్ని అవమానించినట్టే అనేవాళ్లు కూడా ఉంటారు. తాత మీద ప్రేమతో తాత పేరు పెట్టుకుంటే ముచ్చటే. అలక తీర్చడానికి పెడితే ఆ బరువు మోసేది బిడ్డ. నా మాట వింటే, పేరు తేలేదాకా లిస్టు బయటికి చెప్పొద్దు. అడిగితే "అనుకుంటున్నాం, తేలగానే మీకే ముందు చెబుతాం" అనండి, వాళ్ల మనసూ నొచ్చుకోదు. తేలాక మాత్రం "ఈ పేరు పెడదామనుకుంటున్నాం, ఎలా ఉంది?" అని అడక్కండి. "పాప పేరు ఇదీ" అని చెప్పండి. మొదటిది అభిప్రాయం అడిగినట్టు ఉంటుంది, రెండోది కబురు చెప్పినట్టు ఉంటుంది. కబురుకు వంకలు పెట్టేవాళ్లు తక్కువ.

భార్యాభర్తలకే కుదరకపోతే? అప్పుడు ఒకరు నెగ్గడం అన్న ఆలోచన పక్కన పెట్టాలి. ఒకరికి అస్సలు ఇష్టంలేని పేరు, రెండోవాళ్లకు ఎంత ఇష్టమైనా సరే, వదులుకోవాల్సిందే. విడివిడిగా కూర్చుని చెరో పది పేర్లు రాసుకుని, ఎదుటివాళ్ల లిస్టులో పర్లేదనిపించినవాటికి టిక్ పెట్టండి. మా చెల్లెలూ మరిదీ చివరికి ఇలాగే చేశారు. ఇద్దరి టిక్కులూ పడ్డవి కొన్నే మిగిలాయి. అప్పుడు ఒక్కో పేరునూ రెండు మూడు రోజులు ఇంట్లో వాడి చూశారు. నోట్‌లో రాసుకున్న పేరు వేరు, నోటితో పిలిచే పేరు వేరు. పక్క గదిలోంచి కేకేసి చూడాలి. కోపంగా పిలిచి చూడాలి, బుజ్జగిస్తూ పిలిచి చూడాలి. ఇంటిపేరుతో కలిపి రాసి చూడాలి. ఫోన్‌లో కొత్తవాళ్లకు ఒక్కసారి చెబితే సరిగ్గా రాసుకోగలరా అని చూడాలి. రాతలో ఎంతో అందంగా ఉన్న ఒక పేరు, కేకేసేసరికి చివరి అక్షరం మింగేసినట్టయి వేరే మాటలా వినిపించింది. అది ఆ రోజే పోయింది.

గడువు ముంచుకొస్తోందని భయపడేవాళ్లు ముందు నిబంధన ఏమిటో కనుక్కోండి. చాలాసార్లు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ సమయమే ఉంటుంది. భారతదేశంలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. 12 నెలల లోపయితే దానికి రుసుము కూడా ఉండదు. ఇంగ్లండ్‌లో జననాన్ని 42 రోజుల్లో నమోదు చేయించాలి, కానీ ఆ తర్వాత 12 నెలల లోపు బిడ్డ పేరు మార్చుకునే వీలుంది. అలాగని ఏడాదంతా తేల్చకుండా కూర్చోమని నా ఉద్దేశం కాదు. ఈ వారంలో తేలకపోతే కొంపేమీ మునగదు, అంతే.

పేరు తేలాక వచ్చే బెంగ ఇంకొకటి. ఇంకాస్త ఆగి ఉంటే మంచిది దొరికేదేమో అని. 2002లో డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ అనే మానసిక శాస్త్రవేత్తలు ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థుల మీద ఒక ప్రయోగం గురించి రాశారు. తీసిన ఫొటోల్లో రెంటిలో ఒకటి మీ దగ్గర ఉంచుకోండి అన్నారు. కొందరికి తర్వాత మార్చుకునే అవకాశం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మార్చుకోలేనివాళ్లే తమ ఫొటోను ఎక్కువగా ఇష్టపడ్డారు. తలుపు తెరిచి ఉన్నంతకాలం మనసు అటే చూస్తుంటుంది. అందుకని పేరు తేలిన రోజే ఆ నోట్ తీసేయండి. మా చెల్లెలి ఫోన్‌లో దాన్ని నేనే డిలీట్ చేశాను, తనే ఇచ్చి చేయమంది.

పిలవగా పిలవగా పేరు తీయనవుతుంది కూడా. మళ్లీ మళ్లీ ఎదురయ్యేదాని మీద మనకు ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయొన్స్ అనే మానసిక శాస్త్రవేత్త 1968లో ప్రయోగాలతో చూపించాడు. మొదట ముఖం చిట్లించిన పెద్దవాళ్లు కూడా కొన్నాళ్లకు అదే పేరుతో లాలిపాట కడతారు. బిడ్డ సంగతికొస్తే, నాలుగున్నర నెలల వయసులోనే పసిపిల్లలు వేరే పేర్లకన్నా తమ పేరును ఎక్కువసేపు వింటారని 1995లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆ వయసులో దానికి అర్థం ఏం తెలుస్తుంది? రోజూ వినే గొంతుల్లో పదేపదే వచ్చే మాట అది, అందుకే గుర్తుపడుతుంది. ఐస్‌లాండ్‌లో ఒక అమ్మాయి పేరు ప్రభుత్వం అనుమతించిన పేర్ల జాబితాలో లేదని అధికారిక కాగితాల్లో 'అమ్మాయి' అని మాత్రమే రాసేవారు. 2013లో, 15 ఏళ్ల వయసులో, కోర్టులో గెలిచి తన పేరు కాగితం మీదికి తెచ్చుకుంది. అన్నేళ్లూ తల్లి పిలిచిన పేరే తన పేరని ఆ పిల్ల నమ్మింది.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ప్రసవమైన కొత్తలో ఏడుపు రావడం, మనసు అటూ ఇటూ ఊగడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. అది దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తల్లికి నిద్ర పట్టకపోతే, ఏ పని చేసినా తప్పు చేశానేమో అనే భయమే తిరిగి తిరిగి వస్తుంటే, అది పేరు టెన్షన్ కాకపోవచ్చు. పేరు పైకి కనిపించే సాకు అయి ఉండొచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెప్పండి. నోరు తెరిచి చెప్పలేని స్థితిలో ఆమె ఉంటే, ఇంట్లోవాళ్లు వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. పేరు సంగతి అప్పటిదాకా ఆగుతుంది.